మూకీల్లో మాటలే లేకపోతే రచయిత్రి రాసిందేమిటి? స్క్రిప్టు కాగితం, టైటిళ్లు, పేర్లు తేల్చుకోవడం

వెండితెర_విద్యార్థి:
అందరికీ నమస్కారం. లోయిస్ వెబర్ రాసి, ఫిలిప్స్ స్మాలీతో కలిసి 1913లో తీసిన ఒక రీలు చిత్రం 'సస్పెన్స్'కు తెలుగు టైటిల్ కార్డులు (బొమ్మల మధ్య తెర మీద పడే రాతలు) తయారవుతున్నాయి. దాంతోపాటు మూకీ కాలపు రచయిత్రుల మీద ఒక వ్యాసం కూడా వెయ్యాలి. మూడు సందేహాలు.

ఒకటి, మాటలు లేని సినిమాకి స్క్రిప్టు అంటే కాగితం మీద ఏముండేది? రెండు, ఫలానా సినిమా ఫలానా ఆవిడ రాసింది అన్నప్పుడు దాన్ని సరిచూసుకోవడం ఎలా? ఒక్కోచోట ఒక్కో పేరు కనిపిస్తోంది. మూడు, తెలుగు కార్డు తెర మీద ఎంతసేపు నిలవాలి? ఇంగ్లీషు కార్డు ఉన్నంతసేపే ఉంచితే కొన్ని చదవడం పూర్తికాకుండానే పోతున్నాయి, కొన్ని చదివేశాక కూడా కదలట్లేదు.

వెయ్యడుగులు:
మొదటి దానికి నేను చెబుతాను.

అప్పటి కొలత రీలు. 35 ఎం.ఎం. ఫిలిం వెయ్యి అడుగులు, అడుగుకి 16 ఫ్రేములు, అంటే రీలుకి 16,000 ఫ్రేములు. సెకనుకు 16 ఫ్రేములు నడిపితే అడుగుకో సెకను, మొత్తం 16 నిమిషాల 40 సెకన్లు. 18 నడిపితే దాదాపు 14 నిమిషాల 50 సెకన్లు, 20 అయితే 13 నిమిషాల 20 సెకన్లు, 24 అయితే 11 నిమిషాలకు కాస్త ఎక్కువ. రచయిత్రికి ఉన్న చోటు అంతే. టైటిళ్లు కూడా ఆ వెయ్యి అడుగుల్లోంచే పోతాయి. పది టైటిళ్లకు ఏడేసి అడుగులు పెట్టావా, డెబ్బై అడుగుల నటన పోయినట్టే. టైటిల్ లేకుండా కథ నడిపేవాళ్లకి అంత గిరాకీ ఎందుకో దీంతో తెలుస్తుంది.

1912-13 ప్రాంతంలో స్టూడియోకి పంపే కట్టలో ఇవి ఉండేవి: సినిమా పేరు, రెండు మూడు వందల మాటల్లో కథాసారం, పాత్రల పట్టిక, సెట్ల పట్టిక (ఏ సెట్టులో ఏయే నంబర్ల సీన్లు ఉన్నాయో), ఆ తర్వాత సీను వెంట సీనుగా అసలు సెనారియో. సెట్ల పట్టిక చూడటానికి చిన్నది కానీ ప్రొడక్షన్‌కి ప్రాణం అదే. వంటింటి సెట్టు వేసినప్పుడు వంటింటి సీన్లన్నీ ఒకే దఫాలో తీసెయ్యాలి కదా. అందులో ఒక నంబరు తప్పిపోతే సెట్టు పీకేశాక ఆ సీను గుర్తొస్తుంది.

ఒక జాగ్రత్త. మన సీన్ ఆర్డర్లో సీను అంటే ఒకచోట జరిగే ఘట్టం. ఆ కాగితాల్లో సీను అంటే కెమెరా ఒకసారి పెట్టి తీసిన ముక్క, అంటే మనం షాటు అనేది. అందుకే ఇరవైల నాటి పెద్ద సినిమా స్క్రిప్టులో సీను నంబర్లు వందల్లో ఉంటాయి. అది చూసి "ఇన్ని సీన్లా" అని రాసేస్తే తప్పు.

ఆకారం తెలియడానికి ఒక ముక్క. ఇది ఏ పాత స్క్రిప్టులోదీ కాదు, ఇక్కడ చూపించడానికి కట్టింది:

సీను 21. వీధి గది, లోపల, పగలు. సీత కిటికీ దగ్గర నిలబడి ఉంటుంది. పోస్టుమాన్ గేటు దాటిపోవడం చూసి తలుపు దాకా వచ్చి ఆగుతుంది.
సీను 22. గేటు, బయట. (3, 9, 30 సీన్లతో కలిపి తియ్యాలి.) పోస్టుమాన్ సైకిలు ఆపి సంచిలో మళ్లీ వెతుకుతాడు.
సీను 23. సీత ముఖం, దగ్గరగా. పెదవులు కదులుతాయి.
మాట టైటిల్ 7: "నాకేమైనా ఉందా?"
సీను 24. 23కి కొనసాగింపు. మాట ముగించి చెయ్యి చాపుతుంది.
సీను 25. ఇన్సర్టు. కవరు దగ్గరగా. దాని మీద పేరు సీతది కాదు, అత్తగారిది.

ఇందులో మాటలు రెండే. తక్కినదంతా రచనే. కవరు మీద ఎవరి పేరుందో సీత చెప్పదు, పోస్టుమాన్ చెప్పడు, కవరే చెబుతుంది. మూకీ రచనలో అసలు పని అది.

కత్తెరబల్ల:
23, 24 సీన్ల మధ్య టైటిల్ ఎక్కడ పడిందో గమనించండి. పెదవులు కదలడం మొదలయ్యాక కోసి, కార్డు వేసి, మాట ముగుస్తుండగా మళ్లీ ముఖం మీదకి రావాలి. నోరు తెరవకముందే కార్డు వేస్తే ఆ మాట ఎవరిదో తెలియదు. మాటంతా అయిపోయాక వేస్తే ప్రేక్షకుడు వెనక్కి వెళ్లి పెదవుల్ని గుర్తుచేసుకోవాలి. ఇద్దరు ఒకే ఫ్రేములో ఉంటే ఇంకా తికమక. అందుకే మాట టైటిల్ ముందు మాట్లాడే మనిషిని దగ్గరగా చూపించమని స్క్రిప్టులోనే రాసేవారు.

కార్డులు మూడు రకాలని వేరు చేసుకోండి. కథ చెప్పేది ("మరుసటి ఉదయం" లాంటిది), పాత్ర పలికేది, ఇన్సర్టు (ఉత్తరం, టెలిగ్రాం, పత్రిక, గడియారం). మొదటి రెండూ ఫిలిం మధ్యలో అతికిన కార్డులు. మూడోది కథాలోకంలోనే ఉన్న వస్తువు, అది షాటు. తెలుగు చేసేటప్పుడు మొదటి రెంటినీ మార్చవచ్చు, మూడోదాన్ని మార్చకూడదు.

'సస్పెన్స్'లో ఇది బాగా అక్కరకొస్తుంది. పనిమనిషి చీటీ రాసిపెట్టి, తాళంచెవి గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకునే పట్టా కింద దాచి వెళ్లిపోతుంది. ఆ తాళంచెవే తర్వాత దేశదిమ్మరికి దొరుకుతుంది. ఇంట్లో తల్లీ పసిబిడ్డా ఒంటరిగా ఉన్నారన్నది ఎంత ముఖ్యమో, తలుపు తెరుచుకునే దారి ఏదన్నదీ అంతే ముఖ్యం. ఆ రెండూ ఒక్క చీటీతో పెట్టేసింది వెబర్. తెరను మూడు ముక్కలు చేసి ఆగంతకుణ్ణీ భార్యనీ ఫోనులో భర్తనీ ఒకేసారి చూపించిన షాటు గురించి అందరూ రాస్తారు, రాయాలి కూడా. కానీ ఆ షాటుకి ఆదుర్దా ఎక్కడి నుంచి వచ్చిందంటే ఈ చీటీ నుంచి.

వెండితెర_విద్యార్థి:
ఈ వివరణ చాలా ఉపయోగపడింది. "కథ", "సెనారియో", "కంటిన్యుటీ", "అడాప్టేషన్", "టైటిల్స్" అని వేర్వేరు పేర్లు వేర్వేరుగా కనిపిస్తున్నాయి. ఇవన్నీ ఒకటేనా?

పాతపత్రిక:
ఒకటి కాదండీ. మీ రెండో ప్రశ్నకు సగం జవాబు ఇందులోనే ఉంది.

1925 'బెన్ హర్' తీసుకోండి. నవల లూ వాలెస్‌ది. అడాప్టేషన్, అంటే నవలను సినిమా కథగా మలచడం, జూన్ మేథిస్‌ది. దాన్ని తియ్యడానికి వీలైన సీన్లుగా విడగొట్టినందుకు, అంటే కంటిన్యుటీకి, బెస్ మెరిడిత్, కేరీ విల్సన్‌ల పేర్లున్నాయి. టైటిళ్లు కేథరిన్ హిల్లికర్, ఎచ్. ఎచ్. కాల్డ్‌వెల్‌లవి. ఇప్పుడు "బెన్ హర్ రచయిత ఎవరు" అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతారు, ఎవరూ అబద్ధం చెప్పినట్టు కాదు. మీ వ్యాసంలో "రాసింది" అని ఊరుకోకుండా ఏ మెట్టు రాసిందో చెప్పండి.

'ది విండ్' (1928) కూడా అంతే. డొరొతీ స్కార్‌బరో నవల, ఫ్రాన్సెస్ మేరియన్ స్క్రీన్ రచన, టైటిళ్లు జాన్ కోల్టన్‌వి. ఆ సినిమాలో ఒక కార్డు మీది వాక్యం ఎత్తిరాసి "మేరియన్ కలం బలం చూడండి" అంటే అది ఆవిడకీ అన్యాయమే, కోల్టన్‌కీ అన్యాయమే. మేరియన్ బలం గాలి కనిపించేలా చెయ్యడంలో ఉంది. గాలి ఫిలిం మీద పడదు కదా. ఇసుక పడుతుంది, కిటికీ అద్దం వణకడం పడుతుంది, లిలియన్ గిష్ కళ్లు పడతాయి.

ఇక సరిచూసుకునే వరస:

ముందు అమెరికా కాపీరైట్ ఆఫీసు 1912-1939 చలనచిత్రాల పట్టిక చూడండి. 1912 ఆగస్టులో చట్టం మారాకే సినిమాలు సినిమాలుగా నమోదయ్యాయి. అంతకుముందు ఫొటోల కింద నమోదయ్యేవి. ఆ పట్టికలో పేరు, నమోదు తేదీ, రీళ్ల సంఖ్య, చాలాసార్లు రచన ఎవరిదో కూడా ఉంటుంది.

తర్వాత డిపాజిట్ కాగితాలు. నైట్రేటు ఫిలిం అంటుకుంటే ఆర్పడం కష్టం కాబట్టి కాపీరైట్ ఆఫీసు ప్రింట్లు తిప్పి పంపించి, వర్ణనగా ఇచ్చిన కాగితాలు ఉంచుకునేది. కథాసారం, ప్రచార పుస్తకం, అప్పుడప్పుడు సీన్ల వివరణ. సినిమా కాలిపోయినా ఆ కాగితం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో మిగిలి ఉండొచ్చు.

మూడోది అప్పటి వ్యాపార పత్రికలు, 'మూవింగ్ పిక్చర్ వరల్డ్', 'మోషన్ పిక్చర్ న్యూస్' లాంటివి. మీడియా హిస్టరీ డిజిటల్ లైబ్రరీలో స్కాన్లున్నాయి, 'లాంటర్న్'లో వెతకొచ్చు. అక్షరాల గుర్తింపు యంత్రం చేసినది కాబట్టి ఒకే పేరును నాలుగు రకాలుగా వెతకాలి. జీనీ మెక్‌ఫర్సన్ ఇంటిపేరు రెండు మూడు స్పెల్లింగుల్లో ఉంటుంది. పెళ్లయినవాళ్లకి భర్త పేరు ముందు 'మిసెస్' పెట్టి కూడా వెతకండి. లోయిస్ వెబర్ మిసెస్ ఫిలిప్స్ స్మాలీగా కనిపిస్తుంది. సినిమా విడుదలకు రెండు నెలల ముందు సంచికలు తప్పనిసరిగా చూడండి. చిత్రం తయారవుతుండగా వచ్చిన వార్తలో ఒక రచయిత్రి, విడుదలయ్యాక సమీక్షలో మరొకరు ఉంటే మధ్యలో చెయ్యి మారిందన్నమాట.

సినిమా మొదట్లో పడే పేర్లు చివర చూడండి. మళ్లీ విడుదల చేసినప్పుడు ఆ కార్డులు మార్చేవాళ్లు. మనకు దొరికే ప్రతుల్లో చాలాచోట్ల అవి అసలువి కావు.

గోదారిగట్టు:
పేర్ల గురించి ఇంకొంచెం. జీన్ గాంటియర్ మగాడని రాసినవాళ్లున్నారు, పేరు అలాంటిది. ఆవిడ కేలమ్ కంపెనీలో నటి, రచయిత్రి. అసలు పేరు జెనివీవ్ లిగెట్. ఫ్రాన్సెస్ మేరియన్ పుట్టింది మేరియన్ బెన్సన్ ఓవెన్స్‌గా. బెస్ మెరిడిత్ హెలెన్ ఎలిజబెత్ మెక్‌గ్లాషన్. జనాభా లెక్కల్లో, పెళ్లి రికార్డుల్లో వెతికేటప్పుడు ఈ పేర్లు కావాలి.

అనితా లూస్ విషయంలో ఇంకో పొరపాటు తరచూ వస్తుంది, పన్నెండేళ్ల పిల్ల సినిమాలు రాసిందని. ఆవిడ పుట్టింది 1888లో. గ్రిఫిత్ తీసిన 'ది న్యూయార్క్ హ్యాట్' 1912లో వచ్చింది. అప్పటికి ఇరవై నాలుగేళ్లు. పోస్టులో పంపిన ఆ కథకు బయోగ్రాఫ్ కంపెనీ 25 డాలర్లు ఇచ్చింది. కొత్తవాళ్లు పంపిన కథలు కొనే రోజులవి కాబట్టే ఊరు కదలని అమ్మాయి స్టూడియో గుమ్మం ఎక్కగలిగింది. ఆవిడ వయసు తగ్గిస్తే ఆ అసలు విషయం మరుగున పడిపోతుంది.

వెయ్యడుగులు:
గాంటియర్ పేరు ఎత్తారు కాబట్టి ఆ కేసు చెప్పి తీరాలి. సినిమా రాతకు చట్టం ముందు విలువ వచ్చింది అక్కడే.

1907లో కేలమ్ 'బెన్ హర్'ను ఒక్క రీలులో తీసింది. సెనారియో గాంటియర్‌ది. దర్శకుడు సిడ్నీ ఆల్కట్. రథాల పందెం బ్రూక్లిన్‌లో షీప్స్‌హెడ్ బే దగ్గర తీశారు. అంత లావు నవలని పదహారు సీన్లకు కుదించారు. హక్కులు అడగలేదు. అప్పట్లో ఎవరూ అడిగేవాళ్లు కాదు. ప్రచురణకర్త హార్పర్ సంస్థ, వాలెస్ తరపువాళ్లు దావా వేశారు. 1911 నవంబరులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రాసింది జస్టిస్ హోమ్స్. మాట లేకుండా కదిలే బొమ్మలతో చెప్పినా అది ఆ నవలను నాటకంగా మార్చడమే, దానికి అనుమతి కావాలి, సినిమా తీసి ప్రదర్శనకు అమ్మినవాళ్లు బాధ్యులు అని. కేలమ్ 25,000 డాలర్లు కట్టుకోవాల్సి వచ్చింది.

ఫలితం ఏమిటంటే స్టూడియోలకు సొంత కథలు కావాల్సొచ్చాయి, నవల కావాలంటే హక్కులు కొనాల్సొచ్చింది. సెనారియో డిపార్ట్‌మెంట్లు బలపడ్డాయి. ఆ గదుల్లో చదివేవాళ్లూ కుదించేవాళ్లూ తిరగరాసేవాళ్లూ చాలామంది ఆడవాళ్లు. ఆ తర్వాత కొన్నేళ్లకు "నా కథ దొంగిలించారు" అనే దావాలు పెరిగేసరికి అడగకుండా వచ్చిన కవర్లను విప్పకుండానే తిప్పిపంపడం మొదలైంది. లూస్ వచ్చిన తలుపు అలా మూసుకుంది.

కత్తెరబల్ల:
జూన్ మేథిస్ గురించి వ్యాసంలో రాస్తే ఒక్కటి సరిదిద్దండి, దయచేసి. 'గ్రీడ్'ను కోసి పాడుచేసింది ఆవిడే అని ఇప్పటికీ రాస్తున్నారు.

దాని దర్శకుడు స్ట్రోహైమ్ మొదటి కూర్పు నలభైకి పైగా రీళ్లు. తనే 24కు తెచ్చాడు. రెక్స్ ఇన్‌గ్రామ్ సాయంతో 18కి తెచ్చారు. స్టూడియో దాన్ని 10 రీళ్లకు కోయించింది. ఆ చివరి కోత జోసెఫ్ ఫార్న్‌హామ్ చేతి మీదుగా జరిగింది, ఆయన టైటిళ్లు రాసేవాడు. మేథిస్ కథా విభాగం అధిపతి. సినిమా రాసినవాళ్లలో ఆవిడ పేరు పడింది ఆ హోదా వల్ల. పేరుంది కాబట్టి నిందా అంటింది. పాతపత్రిక గారన్న "ఏ మెట్టు" అనే ప్రశ్న ఇక్కడ తిరగేసి వెయ్యాలి. పేరున్న ప్రతిచోటా పని ఉన్నట్టు కాదు.

ఆవిడ పని నిజంగా చూడాలంటే 'ది ఫోర్ హార్స్‌మెన్ ఆఫ్ ది అపోకలిప్స్' (1921) చూడండి. బ్లాస్కో ఇబానెజ్ నవల సినిమాకు పనికిరాదనుకునేవారు. దాన్ని విడగొట్టడంతో ఆగకుండా దర్శకుడిగా ఇన్‌గ్రామ్‌ను, హూలియో పాత్రకు అప్పటికి చిన్న వేషాలు వేసుకునే వాలెంటినోను పట్టుబట్టి పెట్టించింది. రచయిత్రి మాట ప్రొడక్షన్ దాకా చెల్లిన సందర్భం ఇది. 1927 జులైలో, నలభయ్యేళ్లకే పోయింది.

పాతపత్రిక:
ఒప్పుకుంటాను. ఇంకొకటి కలుపుతాను. "సగం సినిమాలు ఆడవాళ్లే రాశారు" అనే వాక్యం ఎక్కడ పడితే అక్కడ కనిపిస్తుంది. దాన్ని వ్యాసంలో పెట్టకండి. కథకు ఒక పేరు, అడాప్టేషన్‌కు ఒకటి, టైటిళ్లకు ఒకటి ఉన్నప్పుడు దేన్ని లెక్కపెట్టారన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. ఆ బదులు గట్టి అంకె ఒకటుంది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో వేసిన నివేదిక ప్రకారం 1912-1929 మధ్య అమెరికాలో వచ్చిన దాదాపు 11,000 నిశ్శబ్ద ఫీచర్ సినిమాల్లో అసలు విడుదలైన రూపంలో 35 ఎం.ఎం. మీద మిగిలినవి 14 శాతం. ఈ రచయిత్రుల్లో ఎక్కువమంది పని కాగితం మీద తప్ప ఇంకెక్కడా లేదు. అందుకే కాగితం విషయంలో ఇంత పట్టింపు.

అలాగే "ప్రపంచపు మొదటి" అనే మాటతో జాగ్రత్త. ఫ్రాన్సు దర్శకురాలు అలీస్ గీ 1896లో క్యాబేజీల దేవకన్య కథను తీశానని తన జ్ఞాపకాల్లో రాసుకుంది. ఇప్పుడు చూడటానికి దొరికే ప్రతి 1900 నాటిది. ఆవిడ గొప్పతనం ఆ తేదీ మీద ఆధారపడి లేదు. అక్కడి గోమోఁ కంపెనీలో ఏళ్ల తరబడి కథాచిత్రాల తయారీ నడిపి, 1910లో అమెరికాలో సోలాక్స్ కంపెనీ పెట్టింది.

బెర్లిన్_తెలుగు:
జర్మనీ వైపు కూడా చూడండి. అక్కడ వెతకడానికి ఒక అద్భుతమైన కాగితం ఉంది, సెన్సారు కార్డు. సినిమాకు అనుమతి ఇచ్చేటప్పుడు రీలు వారీగా పొడవు మీటర్లలో వేసి, టైటిళ్లన్నీ వరుసగా టైపు చేసేవారు. సినిమా పోయినా, ముక్కలైనా, మాటలు వరుసలో మిగులుతాయి.

థియా ఫాన్ హార్బౌ రాసిన 'మెట్రోపొలిస్' 1927 జనవరి 10న బెర్లిన్‌లో వేసినప్పుడు 4,189 మీటర్లు. తర్వాత చాలా కోసేశారు. అమెరికా విడుదలకు కథనే మార్చి, టైటిళ్లు కొత్తగా రాయించారు. దశాబ్దాల పాటు జనం చూసి "కథ అర్థంలేనిది, హార్బౌకి రాయడం రాదు" అన్నది ఆ కోసిన ప్రతుల్ని చూసి. 2008లో బ్యూనస్ ఎయిరిస్ సినిమా మ్యూజియంలో 16 ఎం.ఎం. ప్రతి దొరికాక, సెన్సారు కార్డు, హుపెర్ట్స్ సంగీత స్వరలిపి పక్కన పెట్టుకుని వరుస తేల్చారు. స్వరలిపిలో తెర మీద ఏం జరుగుతోందో వెయ్యికి పైగా గుర్తులున్నాయి. 2010 పునరుద్ధరణలో చూస్తే యజమాని ఫ్రెడెర్సన్‌కీ శాస్త్రజ్ఞుడు రోట్‌వాంగ్‌కీ పాత పగ ఎందుకో, హెల్ అనే ఆవిడ ఎవరో తెలుస్తుంది. అంటే స్క్రిప్టులో కారణం ఉంది, కత్తెరలో పోయింది.

మన దేశంతో ఆవిడకి నిజమైన లంకెలు కూడా ఉన్నాయి. 'భారతీయ సమాధి' అనే నవల 1918లో రాసింది. జో మే 1921లో దాన్ని రెండు భాగాల సినిమాగా తీశాడు. అది జర్మనీ ఊహించుకున్న ఇండియా, మన ఇండియా కాదు. తర్వాత అయీ తెందూల్కర్ అనే భారతీయుణ్ణి పెళ్లాడింది. నాజీల కాలంలో 'మెట్రోపొలిస్' దర్శకుడు, ఆవిడ మునుపటి భర్త ఫ్రిట్జ్ లాంగ్ దేశం విడిచాడు, ఆవిడ అక్కడే ఉండి పనిచేసింది. వ్యాసంలో ఇది దాచకూడదు, దీని కోసం ఆవిడ ఇరవైల నాటి రచనను తుడిచెయ్యనూ కూడదు.

గోదారిగట్టు:
మన వైపు సంగతి క్లుప్తంగా. ఫాత్మా బేగం 1926లో సొంత కంపెనీ మీద 'బుల్బుల్-ఎ-పరిస్తాన్' తీసింది. దాని ప్రతి ఏదీ లేదు. దర్శకురాలు, నిర్మాత అని నిక్కచ్చిగా రాయండి, అది చాలా పెద్ద విషయం. ఆవిడ కూతురు జుబేదా 'ఆలం ఆరా' నాయిక. తెలుగువాళ్ల మూకీ అంటే రఘుపతి సూర్యప్రకాశ్ 1921లో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ'. ఈ చర్చలో దానికి ఇంతకన్నా చోటు లేదు, రచయిత్రుల లంకె లేకుండా బలవంతంగా దూర్చడం మంచిది కాదు.

టైటిళ్లకు పనికొచ్చే ఒక మాట మాత్రం చెబుతాను. మన హాళ్లలో చదువు వచ్చినవాళ్లు కార్డును పైకి చదివితే పక్కవాళ్లు వినేవారు. కాబట్టి తెలుగు కార్డుకు కొలత కంటితో చదివే వేగం కాదు, పైకి చదివే వేగం.

అక్షరలెక్క:
మూడో ప్రశ్న నాది. గోదారిగట్టు గారు అన్నది సరిగ్గా పట్టుకోవాల్సిన సంగతి.

అప్పటివాళ్లు ఇంగ్లీషు మాటలు లెక్కపెట్టి అడుగులు వేసేవారు. తెలుగుకి ఆ లెక్క పనికిరాదు. "రాలేకపోయానని చెప్పమన్నాడు" రెండే మాటలు. ఇంగ్లీషులో అదే ఎనిమిదో తొమ్మిదో అవుతాయి. మాటకో సెకను ఇస్తే కార్డు రెండు సెకన్లలో పోతుంది, ఎవరూ చదవలేరు. మీకు కొన్ని కార్డులు తొందరగా పోతున్నాయన్నది ఇందుకే.

అక్షరాలు లెక్కపెట్టండి. గుణింతంతో, ఒత్తుతో కలిపి ఒక అక్షరం ఒకటి. పై వాక్యంలో 7, 5, మొత్తం 12. నెమ్మదిగా పైకి చదివితే సెకనుకు అయిదు అక్షరాలు. చూపు బొమ్మ మీద నుంచి కార్డు మీదకి రావడానికీ, మళ్లీ బొమ్మకు సిద్ధపడటానికీ కలిపి రెండు సెకన్లు. కాబట్టి అక్షరాలను అయిదుతో భాగించి రెండు కలపండి. పన్నెండు అక్షరాలకు 4.4 సెకన్లు. సెకనుకు 18 ఫ్రేముల లెక్కన 79 ఫ్రేములు, ఫిలిం మీద దాదాపు అయిదడుగులు. "నాకేమైనా ఉందా?" ఆరు అక్షరాలు, 3.2 సెకన్లు. మూడు సెకన్ల కంటే తక్కువ ఏ కార్డూ వద్దు, మెరిసి పోయినట్టుంటుంది. కార్డు 35 అక్షరాలు దాటితే రెండుగా విడగొట్టకండి, వాక్యమే తగ్గించండి. రెండు కార్డులు వరుసగా పడితే బొమ్మ మరిచిపోతారు.

తయారీ: వరుసకు 14 నుంచి 16 అక్షరాలు, మూడు వరుసలకు మించొద్దు. వరుసల మధ్య దూరం అక్షరం ఎత్తుకు 1.6 రెట్లు. అంతకు తగ్గితే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద పడతాయి. 'స్త్రీ', 'లక్ష్మి' లాంటి మాటలతో పరీక్షించండి. సన్నటి అక్షరాలు వద్దు, నలుపు మీద తెలుపు కాబట్టి వీడియో కుదించినప్పుడు సన్నగీతలు తెగిపోతాయి. మరీ లావైతే ఒత్తుల్లో ఖాళీలు పూడిపోతాయి. మాట మధ్యలో వరుస విరవకండి. పాత్ర పలికితే కొటేషన్ గుర్తులు పెట్టండి, కథ చెబితే వద్దు.

కత్తెరబల్ల:
ఇంగ్లీషు కార్డు ఉన్నంతసేపే తెలుగు కార్డు ఉంచొద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ పొడవు వెబర్ నిర్ణయించినది కాకపోవచ్చు.

పాత నెగటివుల్లో టైటిల్ పూర్తి పొడవున ఉండేది కాదు. ఒకటో రెండో ఫ్రేములు మాత్రమే గుర్తుగా అతికేవారు. ప్రింటు వేసేటప్పుడు ఆ దేశపు భాషలో కార్డు తీసి, ఆ స్థానంలో పొడుగ్గా అతికేవారు. ఇప్పుడు అలాంటి నెగటివు నుంచి ప్రతి తీస్తే పునరుద్ధరించేవాళ్లు ఆ ఒక్క ఫ్రేమును ఆపి సాగదీస్తారు. ఎంతసేపు అన్నది వాళ్ల నిర్ణయం. పైగా రంగు అద్దకం ఒకటి. రాత్రికి నీలం, దీపపు వెలుగుకు కాషాయపు పసుపు. ఒకే రంగు ముక్కలన్నీ ఒక చుట్టగా అద్ది, తర్వాత వరుసలో అతికేవారు. టైటిళ్లు వేరే చుట్ట. అతుకుల దగ్గర టైటిల్ ఊడిపోవడం, ఒక కార్డు తన చోటు వదిలి ముందుకో వెనక్కో పోవడం మామూలే. కార్డు అర్థం కాలేదంటే అనువాదం తప్పని అనుకునే ముందు అది తన చోట ఉందో లేదో చూడండి.

మాటల విషయం కూడా అంతే. వెబర్ 'షూస్' (1916)కు డచ్చి టైటిళ్లున్న ప్రతే ప్రధాన ఆధారం. డచ్చి నుంచి తిరిగి ఇంగ్లీషులోకి వచ్చిన వాక్యాన్ని "వెబర్ రాసిన వాక్యం" అని కొటేషన్‌లో పెట్టలేం.

వెండితెర_విద్యార్థి:
అందరికీ ధన్యవాదాలు. లెక్క ప్రకారం కార్డులన్నీ మళ్లీ కట్టాను. చీటీ దగ్గర చిక్కు వచ్చింది. దాన్ని మార్చకూడదన్నారు కదా, కింద తెలుగు ఉపశీర్షికగా పెడుతున్నాను. "చెప్పకుండా వెళ్లిపోతున్నాను. ఈ ఒంటరి కొంపలో ఏ పనిమనిషీ ఉండదు. తాళంచెవి పట్టా కింద ఉంది." ఇది 36 అక్షరాలు, 9.2 సెకన్లు కావాలి. షాటు అంత లేదు. "పని మానేసి పోతున్నాను. తాళంచెవి పట్టా కింద ఉంది" అంటే 19కి వస్తుంది. సరిపోతుందా?

ఇంకొకటి, టాకీలు వచ్చాక ఆడవాళ్లకు పని పోయింది అని ముగించవచ్చా?

పాతపత్రిక:
అలా ముగించకండి. 1927 తర్వాత న్యూయార్కు నుంచి నాటక రచయితలూ పత్రికలవాళ్లూ దిగారు, స్టూడియోలు పెద్దవై పై పదవులు మగవాళ్లకు పోయాయి, అది నిజం. కానీ ఫ్రాన్సెస్ మేరియన్‌కు రచనకు వచ్చిన రెండు ఆస్కార్లూ టాకీలకే, 'ది బిగ్ హౌస్', 'ది చాంప్'. అనితా లూస్, లెనోర్ కాఫీ ముప్పైల్లోనూ రాశారు. తగ్గింది ముఖ్యంగా అధికారం. మేథిస్‌లా నటుణ్ణీ దర్శకుణ్ణీ ఎంచే స్థానం మళ్లీ రచయిత్రికి అంత తేలిగ్గా దక్కలేదు. ఆ తేడా రాయండి.

అక్షరలెక్క:
చీటీ: 19 అక్షరాల వాక్యం పొడవుకు సరిపోతుంది కానీ "ఒంటరి" పోయింది. పనిమనిషి ఎందుకు పోతోందో పోతే, ఆ ఇల్లు ఊరికి దూరంగా ఉందన్న సంగతి పోతుంది. దాని మీదే కథ నడుస్తోంది. "పని మానేసి" తీసెయ్యండి, అది చీటీ పెట్టి మూట పట్టుకుని పోవడంలోనే కనిపిస్తోంది. ఇలా పెట్టండి:

"ఈ ఒంటరి ఇంట్లో ఉండలేను.
తాళంచెవి పట్టా కింద ఉంది."

వరుసకు పది, మొత్తం 20 అక్షరాలు, 6 సెకన్లు. మీ ప్రతి సెకనుకు 18 ఫ్రేములైతే 108 ఫ్రేములు. చీటీ షాటు ఫ్రేములు ఒకసారి లెక్కపెట్టండి. ఆరేడు ఫ్రేములు తక్కువైతే ఉపశీర్షికను షాటు మొదటి ఫ్రేము నుంచే పెట్టండి, ఫేడ్ వద్దు. ఇంకా తక్కువైతే 'ఈ' తీసెయ్యండి. 'ఒంటరి'నీ 'పట్టా'నీ మాత్రం ముట్టుకోవద్దు.